తోట తాగిన ఊట

తామ్రగిరి శిఖరాల మీద తొలి ఎండ పడేసరికి కొండంతా కొత్తగా తోమిన రాగి బిందెల వరసలా ధగధగ మెరిసింది. దూరం నుంచి చూసేవాళ్ళకు అది కన్నుల పండువ. దగ్గరికి వచ్చిన ప్రసేనుడికి మాత్రం ఆ మెరుపు ఎక్కడిదో తెలిసిపోయింది. చెట్టుకు ఆకన్నది లేదు. బండలన్నీ బీటలు వారి ఎర్రగా పైకి తేలాయి. ఏనుగుల మందలు దాక్కునేంత దట్టంగా వెదుళ్ళు పెరిగిన లోయలో ఇప్పుడు గాలి వీస్తే ఎండు బొంగులు ఒకదానికొకటి తగిలి ఎముకల చప్పుడు చేస్తున్నాయి. తేనెపట్లు బారులు తీరి వేలాడిన చరియల మీద నల్లని మరకలు మిగిలాయి, ఒక్క తేనెటీగ లేదు.

ప్రసేనుడు దివంగత పింగళ మండలాధీశుడి ఏకైక కుమారుడు, పట్టాభిషేకం ఇంకా కాలేదు. ఆ ఉదయం అతన్ని చూసినవాళ్ళెవరూ ఆ మాట నమ్మరు. తలకు ముతక పాగా, ఒంటికి ఉప్పు మరకల అంగీ, చేతిలో ములుగర్ర. వెనక ఉప్పు బస్తాలు మోస్తున్న రెండు ఎద్దులు, వాటి వెనక అతని అంగరక్షకుడు భల్లటుడు. గదను గోనెలో చుట్టి బస్తాల మధ్య దాచి అతనూ వర్తకుడి వేషమే వేశాడు గాని, ఆ భుజాలూ ఆ మీసాలూ ఏ వేషానికీ లొంగేవి కావు.

“రాకుమారా, ఈ కొండ మీద ఉప్పు కొనేవాళ్ళు కాదు గదా, కాకి కూడా కనపడటం లేదు” అన్నాడు భల్లటుడు చెమట తుడుచుకుంటూ.

“ఆ పిలుపు మానమన్నాను.”

“నోరు తిరగడం లేదు. సరే, అన్నా అంటాను. అన్నా, మనం నిజంగా వెతుకుతున్నది తేనెనా, చారుకేశమ్మనా?”

ప్రసేనుడు ములుగర్రతో ఎద్దును అదిలించాడు. రెండూ నిజమే. కొండ తేనె పింగళపురం అంగడికి రావడం మానేసి చాలా నెలలైంది. కొండవాళ్ళూ రావడం మానేశారు. ఎందుకని మంత్రులను అడిగితే భుజాలెగరేశారు. మాంత్రికుడు శుష్కనేత్రుణ్ణి అడిగితే నవ్వి మాట మార్చాడు. ఆ నవ్వు చూశాకే ప్రసేనుడు ఉప్పు బస్తాలు కట్టించాడు.

అసలు ఈ కథంతా తోటల దగ్గర మొదలైంది. పింగళ మండలంలో అంతకుముందు తోటలు లేవని కాదు. ఉన్నవన్నీ కోటగోడల లోపల ఉండేవి. నేతగాళ్ళూ, కుమ్మర్లూ, మూటలు మోసేవాళ్ళూ మిట్టమధ్యాహ్నం ఆ గోడల వారన కూలబడి, లోపలి పూల వాసన పీల్చి, లేచి పోయేవాళ్ళు. పట్టణానికొక తోట ఉండాలనీ, దానికి తలుపే ఉండకూడదనీ, ఎవరు వచ్చి కూర్చున్నా ఎందుకొచ్చావని అడిగేవాడు ఉండకూడదనీ ప్రసేనుడి తండ్రి మహోదయుడు జీవితమంతా అనుకున్నాడు. యుద్ధాలు ఖజానాను ఊడ్చేశాయి. కోరిక కోరికగానే ఉండిపోయింది.

చివరికి చారుకేశి ఒక దారి చెప్పింది. ఆమె కాలువలు తవ్వించే స్థపతి కూతురు. ప్రసేనుడితో పాటు ఒకే గురువు దగ్గర చదువుకుంది. ముందు పట్టణానికొక కుంట తవ్వాలి. రెండు మూడు వానాకాలాలు నీళ్ళు నిలిచాయో లేదో చూసి, ఆ తర్వాతే మొక్క నాటాలి. ఖర్చుకు అంగడి సుంకంలో ఒక పాలు, పనికి పట్టణవాసుల చేతులు. “నీడ కావాలంటే చాలా ఏళ్ళు పడుతుంది. అయితేనేం, ఎవరికీ తల వంచక్కర్లేని నీడ” అంది సభలో.

ఆ ఏళ్ళే లేకుండా పోయాయి. మహోదయుడు మంచాన పడ్డాడు. సరిగ్గా అప్పుడే శుష్కనేత్రుడు సభకు వచ్చాడు. రెప్ప వెయ్యని కళ్ళు, ఎండిన తుమ్మ మొద్దులాంటి మనిషి. “ఖజానాలోంచి ఒక్క కాసు వద్దు. ఎవరూ పలుగు పట్టనక్కర్లేదు. ఈ చలి ముగిసేలోపు ఐదు పట్టణాల్లో ఐదు తోటలు లేపుతాను. రాకుమారుడు తన చేత్తో శంకుస్థాపన చేస్తే చాలు” అన్నాడు.

“నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి?” అని అడిగింది చారుకేశి.

మాంత్రికుడు జవాబివ్వలేదు. ఆమె మళ్ళీ అడగబోతే ప్రసేనుడే చెయ్యెత్తి ఆపాడు. తండ్రి కళ్ళు మూసేలోపు ఒక్క తోటైనా చూడాలి. అతనికి అంతకు మించి ఇంకేమీ వినపడలేదు. చండ్రకొయ్యతో చేసిన ఐదు శంకువులు మాంత్రికుడు అందించాడు. మేళతాళాల మధ్య ప్రసేనుడు ఒక్కొక్క పట్టణంలో ఒక్కొక్కటి తన చేత్తో భూమిలోకి దిగగొట్టాడు.

తోటలు లేచాయి. అలాంటి తోటలు దేవతలకైనా ఉంటాయో లేదో. కదంబాలు, పొగడలు, గుత్తులు గుత్తులుగా కాసిన మామిళ్ళు, మోకాలి లోతు చల్లని కాలువలు. మహోదయుడి మంచాన్ని మోసుకొచ్చి పెద్ద పొగడచెట్టు కింద దింపారు. చాకలి ఆడవాళ్ళు కాలువలో కాళ్ళు పెట్టుకుని కబుర్లాడుతుంటే చూస్తూ, తృప్తిగా నవ్వుతూ, ఆయన ప్రాణం విడిచాడు. ఆ వారమే చారుకేశి తన ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ కొండలెక్కి పోయింది. మళ్ళీ దిగి రాలేదు.

పొద్దు బారెడెక్కేసరికి ఊటవల్లి అనే గూడెం వచ్చింది. గూడెం మధ్య మనిషి లోతున ఇసుక గుంట తీసి, అందులోకి దిగి ఆడవాళ్ళు సొరబుర్రలతో తడి ఇసుకను గోకుతున్నారు. బుర్ర అడుగున నాలుక తడవడానికి చాలినంత చెమ్మ చేరితే దాన్ని పైకి అందిస్తున్నారు. గుంట ఒడ్డున ఒకామె కర్ర ఆనించుకుని నిలబడి ఉంది. నడివయసు మనిషి. తేనె తీసేవాళ్ళ చేతులకుండే పాత మంట మచ్చలు మోచేతుల దాకా ఉన్నాయి. పేరు గవిరి, గూడెం పెద్ద.

“యాడి నుంచి వస్తన్నారు?” అంది.

“పింగళపురం నుంచమ్మా. ఉప్పు తెచ్చాం” అన్నాడు ప్రసేనుడు.

“ఉప్పా.” ఆమె మొహంలో కోపం కూడా రాలేదు. “ఉప్పు తింటే దాహమేస్తది. ఇంకేదన్నా ఉంటే సెప్పు.”

ప్రసేనుడు మారు మాట్లాడకుండా ఎద్దుల మెడలకు వేలాడుతున్న నీటితిత్తులు విప్పి ఆమె ముందు పెట్టాడు. గుంటలో చేతులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. గవిరి ఒక తిత్తి మూతి విప్పి, వాసన చూసి, తాను గుక్కెడైనా తాగకుండా పక్క గుడిసెలోకి పంపించింది. అక్కడ బాలింత ఉందట. ఆ తర్వాత ముసలివాళ్ళకు. తిత్తులు చేతులు మారి ఖాళీ అయ్యేదాకా ఆమె అలాగే నిలబడింది.

“మంచోడివే” అంది అప్పుడు. “నా సెల్లెలూ మీ పట్నం దిగింది. ఈడ నీళ్ళు పోయిన కొత్తలో. ఆ తోటలో కాలవ సూసి కడుపు నిండా తాగిందంట. ఎవురూ అదిలించలేదంట. రాజు కొడుకు మంచోడు, మనలాంటోళ్ళని కూడా కూసోనిస్తన్నాడు అని తోటి మనిషితో సెప్పిందంట. మాకు నీళ్ళు మోసుకొస్తా అడ్డదారిన వాగులో దిగి, ఆడనే సచ్చిపోయింది.”

ప్రసేనుడు ఎద్దు మెడతాడు సవరించే నెపంతో మొహం తిప్పుకున్నాడు. ఆ తాడు సవరించవలసిన అవసరం ఏమీ లేదు.

“అమ్మా, నీళ్ళ దారులు కొలిచే అమ్మాయి ఒకరు ఇటు వచ్చిందా? పొడుగాటి మనిషి, చారుకేశి అని” అన్నాడు.

“ఉంది. ఊటగుహ కాడ. వచ్చినప్పుడు అమ్మాయే.”

“అంటే?”

“నువ్వే సూద్దువు గాని. నీళ్ళిచ్చావు కాబట్టి దారి సూపిస్తా. వాగు దాటాల. నీ కాడ ఇంక సుక్క నీరున్నా ఈడనే పారబొయ్యి. తడి వాసన తగిలితే వాగు ఊరుకోదు.”

ప్రసేనుడు ఖాళీ తిత్తులు చూపించాడు. భల్లటుడు మాత్రం పైకి చూస్తూ మీసం దువ్వుకున్నాడు.

వాగు అంటే ఇప్పుడు ఎండిన పెద్ద రాతి లోయ. దాని గర్భంలో నల్లని పొడుగాటి బండలు అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. వాటి మధ్య నుంచి గవిరి పిల్లిలా అడుగులేస్తూ ముందు నడిచింది. వెనక ప్రసేనుడు, ఆ వెనక ఎద్దులతో భల్లటుడు. సగం దూరం పోయాక ప్రసేనుడి పక్కనున్న బండ కన్ను తెరిచింది.

అవి బండలు కావు, మొసళ్ళు. నీళ్ళతో పాటే వాటి నెత్తురూ ఇంకిపోయి ఒళ్ళు రాయి కట్టింది. ఇప్పుడు పెళపెళమని పైపొర పగులుతుంటే, ఒకదాని వెనక ఒకటి మెడలు తిప్పి గాలి వాసన చూస్తున్నాయి. అన్నీ ఒకే వైపు తిరిగాయి. భల్లటుడి వైపు.

“ఎవురి కాడనో నీళ్ళున్నాయి” అంది గవిరి నెమ్మదిగా.

భల్లటుడి మొహం పాలిపోయింది. “చిన్న తిత్తి, రాకుమారా. మీ కోసమే. ఉప్పు బస్తా కింద పెట్టాను.”

ఆ మాట పూర్తి కాకముందే ముందున్న మొసలి లేచి దూకింది. దాని తోక దెబ్బకు ఒక ఎద్దు బస్తాలతో సహా ఎగిరి పడింది. ప్రసేనుడు ఒక్క గెంతులో రెండో ఎద్దు మూపు మీదికెక్కి, చురకత్తితో బస్తా చీల్చి, జలజల రాలుతున్న ఉప్పులోంచి తిత్తిని లాగాడు. రాతి దవడ ఒకటి అతని పాగా అంచును కొరుక్కుపోయింది. ఇంకొకటి భల్లటుడి పిక్కను అందుకోబోయేంతలో అతను గోనెలోంచి గద లాగి దాని నెత్తిన మోదాడు. నిప్పురవ్వలు లేచాయి తప్ప దానికి చీమ కుట్టినట్టయినా లేదు. ప్రసేనుడు తిత్తి మూతి పళ్ళతో విప్పి, గిరగిర తిప్పి, వాగు దిగువకు బలం కొద్దీ విసిరాడు. గాలిలో నీటి ధార ఒక్క క్షణం వెండి గొలుసులా మెరిసింది. మొసళ్ళన్నీ ఒకదాని మీదొకటి పడుతూ, రాయి రాయి రాసుకునే భయంకరమైన రొదతో ఆ తడి చోటుకు పరుగెత్తాయి.

ముగ్గురూ ఊపిరి బిగబట్టి అవతలి ఒడ్డు ఎక్కారు. ఎద్దుల్లో ఒకటే మిగిలింది. భల్లటుడు వాగు వైపు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు. చనిపోయిన ఎద్దును దూడగా ఉన్నప్పటి నుంచి అతనే మేపాడు.

“చెబితే వినవలసింది” అన్నాడు.

ప్రసేనుడు అతని భుజం మీద చెయ్యి వేశాడు. చెబితే వినని వాళ్ళలో తానే మొదటివాడు.

గవిరి అతన్నే చూస్తోంది. “రాకుమారా అన్నాడు నిన్ను.”

ప్రసేనుడు చిరిగిన పాగా తీసి పారేశాడు. ఇంక దాచి లాభం లేదు. “అవునమ్మా. ఆ తోటలు వేయించింది నేనే. ఊటలు ఎందుకు ఎండాయో తెలుసుకుందామని వచ్చాను.”

గవిరి మొహంలో ఏమీ కదల్లేదు. కర్ర ఎత్తి దారి చూపించి, ముందు నడిచింది. 

ఊటగుహ కొండ గుండెలో తొలిచిన మహా మందిరంలా ఉంది. పైకప్పు నుంచి స్ఫటిక స్తంభాలు దిగి ఉన్నాయి. ఎప్పుడో పారిన నీటి గుర్తులు గోడల మీద పొరలు పొరలుగా, ముత్యపు చిప్ప లోపలి రంగుల్లో మెరుస్తున్నాయి. నేల మీద మాత్రం దుమ్ము. ఆ దుమ్ములో ఒక ముసలామె కూర్చుని వేలితో ఏవో గీతలు గీస్తోంది. తల ముగ్గుబుట్ట. చేతులు ఎండిన పుల్లలు.

“వచ్చావా” అంది తలెత్తకుండా. “కాలువ వాలు ఎటుందో చూస్తున్నాను. ఊట మళ్ళీ వస్తే గూడేనికి నేరుగా పోవాలి గదా.”

ఆ గొంతు మారలేదు. ప్రసేనుడు ఆమె ఎదుట దుమ్ములో కూర్చున్నాడు. “చారుకేశీ, ఏమిటిది? ఎవరు చేశారు?”

“నా తొందర చేసింది. అటు చూడు.”

గుహ మధ్య, ఊట నోరు ఉండవలసిన చోట, నల్లని కొయ్య ఒకటి రాతిలోకి దిగబడి ఉంది. పిడికెడు మందాన చండ్రకొయ్య, తల మీద బంగారు పొన్ను. పింగళపురంలో పొగడచెట్టు కింద తాను దిగగొట్టిన శంకువును ప్రసేనుడు చూడగానే పోల్చుకున్నాడు. అక్కడ భూమిలోకి దిగింది ఇక్కడ ఊట గొంతులో తేలింది. దాని ఒంటి నిండా వేర్లు మొలిచి, నీటి దారిలోకి పాకి, జలగల్లా పొంగుతూ తగ్గుతూ ఉన్నాయి.

“నీ తోటలన్నీ తాగుతున్నది ఈ కొండనే” అంది చారుకేశి.  “ఐదు శంకువులు, ఐదు ఊటలు. ఈ ఊళ్ళ ఆయువంతా అక్కడి పండ్లలో చేరుతోంది. పున్నమినాడు ఆ పండ్లు తిని శుష్కనేత్రుడు చావు లేనివాడవుతాడు. దీన్ని దిగగొట్టిన చెయ్యే పీకాలి. నాకది తెలియక పట్టుకుని లాగాను. నా వయసంతా తాగేసింది.”

ప్రసేనుడు లేచి శంకువు వైపు అడుగు వేశాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“ఆగు. ఇది ఊడితే అక్కడి చెట్లన్నీ నిలువునా ఎండి కూలుతాయి. ఈ వేళప్పుడు తోటలో ఎవరుంటారు?”

ఎవరుండరు? ఎండ వేళ పట్టణమంతా అక్కడే ఉంటుంది. పొగడచెట్టు కింద, మహోదయుడు కన్ను మూసిన చోట, అతని తల్లి హేమవల్లీదేవి రోజూ ఒంటరిగా కూర్చుంటుంది.

“భల్లటా, శిఖరం మీద కావలి మంచె ఉంది. దానిలో గుగ్గిలం నిల్వ ఉంటుంది. శత్రువు వస్తున్నాడని పొగ వెయ్యి. జనమంతా కోటలోకి పోవాలి.”

భల్లటుడు గద భుజాన వేసుకుని కొండకు అడ్డంపడి ఎక్కాడు. కొద్దిసేపటికే తెల్లని పొగ స్తంభంలా లేచింది. గుహ ముఖం నుంచి చూస్తే పింగళపురం అరచేతిలో పట్టేంత ఉంది. దాని పక్కన పచ్చని తోట. పచ్చదనంలోంచి రంగురంగుల చుక్కలు బయటపడి కోట వైపు పారాయి. ప్రసేనుడు కళ్ళు చికిలించి చూస్తున్నాడు. చివరికి ఒక తెల్లని చుక్క మిగిలింది. అది తల్లి పల్లకి. కదలదు. పొగ పలచబడుతోంది. గుహ లోపల వేర్లు చటచటమంటూ రాతిని ఇంకా లోతుకు చీలుస్తున్నాయి. గవిరి కూడా వచ్చి పక్కన నిలబడి ఆ చుక్కనే చూసింది. చాలాసేపటికి అది మెల్లగా కదిలి, కోట ద్వారంలో కలిసిపోయింది.

ప్రసేనుడు శంకువును రెండు చేతులా పట్టుకున్నాడు. వేర్లు ఎగిరి మోచేతుల దాకా చుట్టుకున్నాయి. కొయ్యలోంచి ఎండాకు నలిగినట్టు ఒక గొంతు లేచింది. శుష్కనేత్రుడిది.

“రాకుమారా, తొందరపడకు. నీ తండ్రికి ఆఖరి నీడనిచ్చిన చెట్టు అది. జనం నిన్ను చల్లగా ఉండమని దీవించేది దాని కిందే. పోనీ, నీ మీద దయతో ఒక మాట చెబుతాను. శంకువును వదులు. ఆ ఆడపిల్ల వయసు ఈ క్షణమే తిరిగిస్తాను. పీకావంటే అది ఈ నేలలో కలిసిపోతుంది. ఎన్నటికీ రాదు.”

ప్రసేనుడి చేతుల్లో పట్టు సడలింది. అతను వెనక్కి తిరిగి చూశాడు.

చారుకేశి గీతల మధ్య నుంచి కష్టపడి లేచింది. “నా వయసు నాది. దాని మీద బేరమాడటానికి వాడెవడు, నువ్వెవరు? సభలో నన్ను అడగకుండా ఒకసారి బేరం చేశావు. చాలదా?”

“చారుకేశీ...”

“లాగు.”

అతను లాగాడు. వేర్లు చర్మాన్ని చీల్చాయి. భుజాల కీళ్ళు పెటపెటలాడాయి. కొండ కడుపులో ఏదో ఉరిమింది. శంకువు అంగుళం కదిలి, ఆగి, ఒక్కసారిగా ఊడి వచ్చింది. అతను వెల్లకిలా పడ్డాడు. ఆ వెంటనే నీటి స్తంభం పైకప్పును తాకి విరిగి, గుహంతా చల్లని వానయింది. నీళ్ళు చారుకేశి గీసిన గీతల వెంట, ఆమె చెప్పిన వాలు వైపే, గూడెం దారి పట్టాయి.

ప్రసేనుడు తడి మొహంతో గుహ ముఖానికి వచ్చాడు. కింద మైదానంలో పచ్చని మచ్చ పసుపుపచ్చగా, ఆపైన బూడిదరంగుగా మారింది. ఇంత దూరానికి చప్పుడు వినపడదు. అయినా పొగడచెట్టు కూలడం తనకు వినపడినట్టే అతను చెవులు మూసుకున్నాడు. చాకలి ఆడవాళ్ళు సాయంత్రం వచ్చి ఎక్కడ కూర్చుంటారు? వాళ్ళకు ఎవరు ఏమని చెబుతారు?

చారుకేశి వచ్చి పక్కన నిలబడింది. నీళ్ళు ఆమె ముడతల మీదుగా కారుతున్నాయి. మొహం మారలేదు, జుట్టు నల్లబడలేదు.

“నా మాట విని ఉంటే ఈపాటికి మొదటి కుంట తవ్వుతూ ఉండేవాళ్ళం” అంది. నిష్ఠురంగా అనలేదు. జరగని పని గురించి చెప్పుకున్నట్టు అంది. “ఇంకా నాలుగున్నాయి. రెండోది ఎర్రగట్టు అవతల. దారిలో చుక్క నీరు దొరకదు. ఇక్కడే నింపుకుని పోవాలి.”

గుహ కింద నీళ్ళు చేరి చిన్న మడుగయింది. అప్పటికే గూడెం జనం పరుగున వచ్చారు. ఎవరూ కేకలు వెయ్యలేదు. కొందరు నీళ్ళలో మొహాలు పెట్టి ఏడ్చారు. డొక్కలెండిన గొడ్లను తాళ్ళు పట్టి తోలుకొస్తున్నారు. ప్రసేనుడి నాలుక పిడచకట్టుకుపోయింది. ఉదయం నుంచి ఒక్క గుక్క లేదు. ఎవరో పడేసిన సొరబుర్ర తీసుకుని మడుగు అంచున వంగబోయాడు.

గవిరి కర్ర అడ్డంగా వచ్చింది.

“ముందు గొడ్లు” అంది ఆమె. “తర్వాత మావోళ్ళు. మిగిలితే నువ్వు.”

శిఖరం దిగి వచ్చిన భల్లటుడు గద మీద చెయ్యి వేశాడు. ప్రసేనుడు తల అడ్డంగా ఊపాడు.

“నీళ్ళు తెచ్చింది ఈయనే తల్లీ” అన్నాడు భల్లటుడు ఉండబట్టలేక.

“తీసుకుపోయిందీ ఈయనే. నా సెల్లెలు దీవించింది కాబట్టి కర్రతో ఊరుకున్నా.” ఆమె కళ్ళు అప్పుడు మొదటిసారి తడయ్యాయి.

భల్లటుడు ఇంక వాదించలేదు. ప్రసేనుణ్ణి పక్కకు లాగి, గొంతు తగ్గించాడు. “ఆగడానికి వీల్లేదు. దిగుతూ వాగు చరియ దాకా పోయి చూసొచ్చాను. మన సైన్యమే కొండకు వస్తోంది. పొగ చూసే బయలుదేరినట్టున్నారు, తోటను శత్రువు నాశనం చేశాడని కేకలేస్తున్నారు. ముందు తెల్లగుర్రం. మీ తెల్లగుర్రమే. దాని మీద ఉన్నవాడు...” అతను తడబడ్డాడు. “రాకుమారా, వాడి మొహం మీ మొహమే. ఆ కళ్ళు మాత్రం రెప్ప వెయ్యడం లేదు.”

చారుకేశి వాగు వైపు చూసింది. మొదటి నీళ్ళు అప్పుడే రాతి మొసళ్ళను తాకుతున్నాయి. వాటికి అవతల దుమ్ము లేస్తోంది. “ఆ మొహంతో వాడేం చెప్పినా మండలం నమ్ముతుంది. తోట కూల్చింది మనమేనని చెబుతాడు. అది అబద్ధం కూడా కాదు. నీళ్ళు లేకుండా ఎర్రగట్టు దాటగలవా?”

“దాటలేను.”

“మరి?”

ప్రసేనుడు మడుగు వైపు చూశాడు. గొడ్లు వంగి తాగుతున్నాయి. ఒక్కొక్కటి కడుపు నిండేదాకా తలెత్తడం లేదు. వాటి వెనక ఇంకా చాలా ఉన్నాయి. ఆ వెనక ముసలివాళ్ళు, చంకన బిడ్డతో ఆ బాలింత. తాను మండలాధీశుడి కొడుకునని చెబితే వాళ్ళు పక్కకు తప్పుకుంటారు. తప్పుకునేవాళ్ళే.

వాగు అవతల కొమ్ముబూర మోగింది. అది తన సైన్యపు బూరే.

ప్రసేనుడు ఖాళీ సొరబుర్ర పట్టుకుని, బాలింత వెనక, వరసలో చివర నిలబడ్డాడు.